కొండకు వెళ్లేవాళ్లు ముందు పొయ్యి దగ్గర కూర్చోవాలి

(డిగ్రీ కళాశాల విద్యార్థుల సభలో ఒక పీజీ విద్యార్థిని చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న ప్రిన్సిపాల్ సార్‌కి, ఎన్ఎస్ఎస్ మేడమ్‌కి, నాకు చదువు చెప్పిన లెక్చరర్లందరికీ నమస్కారం. చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, నేను ఈ కాలేజీలోనే బీఎస్సీ చదివాను. ఇప్పుడు ఫుడ్ సైన్స్‌లో పీజీ చేస్తున్నాను. సెలవు దొరికితే కొండలకు, అడవులకు వెళ్తాను. వెళ్లే ముందు రోజు స్వీట్లు చేస్తాను. ఈ రెండూ నాకు వేరు వేరు పనులు కావు. ఎందుకు కావో చెప్పడానికే ఇక్కడికి వచ్చాను.

ముందు మీకో ప్రశ్న. భువనగిరి కోట ఎక్కినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. బాగుంది, చాలామందే ఉన్నారు. సరే, సున్నుండలు సొంతంగా చేయడం వచ్చినవాళ్లు? కొనుక్కుని తినడం కాదమ్మా, చేయడం! చేతులు తగ్గిపోయాయి చూశారా? తమ్ముళ్ల వైపు ఒక్కటే లేచింది. ఆ చెయ్యి దించకు తమ్ముడూ, అందరూ చూడనీ. ఇప్పుడు మూడో ప్రశ్న. కోట ఎక్కేటప్పుడు సంచిలో తినడానికి ఏం తీసుకెళ్లారు? చిప్స్. బిస్కెట్లు. కూల్ డ్రింక్. ఇంకా? అంతే. ఇవాళ నేను చెప్పబోయేది దీని గురించే. మీ సంచిలో వెళ్లే తీపి మీ చేత్తో చేసి తీసుకెళ్లండి. ఈ ఒక్క మాటే చెప్తాను. దానికి కారణాలు మాత్రం చాలా ఉన్నాయి, తీరిగ్గా వినండి.

భువనగిరి నుంచే మొదలుపెడదాం. సికింద్రాబాద్ నుంచి కాజీపేట వైపు రైలెక్కితే దారిలోనే కనిపిస్తుంది. ఒకే ఒక్క రాయి, ఐదు వందల అడుగులకు పైగా ఎత్తు. దాని నెత్తిన కోట. పశ్చిమ చాళుక్యుల రాజు ఆరవ విక్రమాదిత్యుడి కాలం నాటిది. మెట్ల దారిన ఎవరైనా ఎక్కొచ్చు. కానీ ఆ రాతి పక్కలు చూశారా? నున్నగా, పట్టుకోవడానికి ఏమీ లేనట్టు కనిపిస్తాయి. అక్కడే రాక్ క్లైంబింగ్ నేర్పుతారు. నేను మొదటిసారి నడుముకు హార్నెస్, అంటే తాడు తగిలించే పట్టీ, కట్టుకున్నది ఆ రాతి కిందే.

రాయి ఎక్కడంలో మొదట ఏం నేర్పుతారో తెలుసా? చేతులతో లాగడం కాదు. కాళ్ల మీద నిలబడడం. భయం వేసినప్పుడు మనం ఏం చేస్తాం? రాతికి అతుక్కుపోతాం. కడుపు, ఛాతీ రాతికి ఆనిస్తాం. అలా చేస్తే బరువు పాదాల మీద సరిగా పడదు, పాదం జారుతుంది. ఒళ్లు రాతికి దూరంగా పెట్టి, మడమలు కిందికి దించి, నిటారుగా నిలబడితే బరువంతా పాదం మీద పడుతుంది. అప్పుడు ఆ గరుకు గ్రానైట్ మనల్ని పట్టుకుంటుంది. భయపడి హత్తుకుంటే జారతాం, ధైర్యంగా నిలబడితే నిలుస్తాం. నేను కవిత్వం చెప్పడం లేదు, ఫిజిక్స్ చెప్తున్నాను. ఫిజిక్స్ సార్ తల ఊపుతున్నారు చూడండి!

దిగడం ఇంకో పాఠం. రాపెల్లింగ్ అంటారు. అంచు దగ్గర వెనక్కి తిరిగి నిలబడి, తాడు మీద బరువు వేసి, వెనక్కి కూర్చున్నట్టు వాలాలి. ఆ మొదటి అడుగు ఉంది చూడండి, ఎంత చెప్పినా ఒళ్లు ఒప్పుకోదు. తాడు గట్టిదని తెలుసు, కింద మనిషి ఉన్నాడని తెలుసు, అయినా ఒళ్లు ఒప్పుకోదు. ఒక్కసారి వాలాక మాత్రం రెండు పాదాలు రాతికి ఆనించి నడుచుకుంటూ దిగిపోతాం. బ్రేక్ చెయ్యి, అంటే జారకుండా తాడును పట్టి ఆపే చెయ్యి, మాత్రం తాడు వదలకూడదు. ఏం జరిగినా సరే, వదలకూడదు.

ఈ రాతి మీద శిక్షణ మొదలుపెట్టిన ఒక అమ్మాయి గురించి మీకు తెలుసు. మాలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకునే పిల్ల. భువనగిరిలో కోచ్ శేఖర్‌బాబు గారి దగ్గర నేర్చుకుంది. తర్వాత డార్జిలింగ్, లడఖ్. 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు పదమూడేళ్ల పదకొండు నెలలు. ఆమెతోపాటు ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. ఎవరెస్ట్ ఎక్కిన అమ్మాయిల్లో అప్పటికి అందరికంటే చిన్నది మన పూర్ణ. అంతకుముందు, 2006లో, నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు ఏడు ఖండాల ఏడు శిఖరాలు 172 రోజుల్లో ఎక్కేశారు. 2015లో ఆండీస్ పర్వతాల్లో ప్రాణాలు కోల్పోయారు. ఈ పేర్లు ఎందుకు చెప్తున్నానంటే, కొండలు మనవాళ్లకు కాదు, డబ్బున్నవాళ్లకు, పొడుగ్గా బలంగా ఉండేవాళ్లకు అనే మాట మన ఇళ్లల్లో ఇంకా వినపడుతోంది. మా ఇంట్లోనూ వినపడింది. ఆ మాట తప్పని ఋజువైపోయి చాలా ఏళ్లయింది.

సరే, ఇప్పుడు తీపి దగ్గరకొద్దాం. ముందు వరసలోవాళ్ల ముఖాలు వెలిగాయి!

కొండెక్కేటప్పుడు ఒంటికి ఏం కావాలి? కడుపు నిండా భోజనం చేసి ఎక్కగలరా? లేరు. ఆయాసం వస్తుంది. ఏమీ తినకుండా ఎక్కగలరా? రెండు గంటలయ్యాక కాళ్లు వణుకుతాయి. కొంచెం కొంచెంగా, తరచుగా తినాలి. చిన్న ముక్కలో ఎక్కువ శక్తి ఉండాలి. చేతికి అంటుకోకూడదు, నలిగిపోకూడదు, ఎండకు పాడవకూడదు. ఇన్ని షరతులకూ సరిపోయేది ఏముంది? సున్నుండ! నా రూమ్మేట్‌ది పాలకొల్లు. వాళ్లమ్మ పంపిన డబ్బాతోనే నేను సున్నుండను మొదటిసారి కొండ మీదికి తీసుకెళ్లాను. తర్వాత ఫుడ్ సైన్స్ క్లాసులో కూర్చుని లెక్క వేసి చూసుకుంటే ఆశ్చర్యం వేసింది.

లెక్క సులువే. ఒక గ్రాము బెల్లంలో నాలుగు కేలరీలకు కొంచెం తక్కువ ఉంటుంది. ఒక గ్రాము నెయ్యిలో తొమ్మిది. అంటే అదే బరువుకు రెట్టింపు పైనే. సంచి మోసేవాళ్లకు ప్రతి గ్రామూ లెక్కే కదా? బెల్లం వెంటనే పనిచేస్తుంది. నెయ్యి నిదానంగా అరుగుతుంది, చాలాసేపు నిలబెడుతుంది. మినప్పప్పులో ప్రోటీన్ ఉంది. ఇవాళ బజార్లో ఎనర్జీ బార్ అని రంగు కాగితం చుట్టి అమ్ముతున్న దాంట్లో ఉండేవి కూడా ఇవే కదా: ఒక గింజ, ఒక తీపి, ఒక కొవ్వు. మన అమ్మమ్మలు పురిటి తర్వాత బాలింతలకు, ఎదిగే పిల్లలకు పెట్టింది ఇదే.

ఇంకో విషయం, ఇది రాసుకోండి. తీపి ఎందుకు పాడవుతుంది? తీపి వల్ల కాదు, తడి వల్ల. బూజుకి, బ్యాక్టీరియాకి నీళ్లు కావాలి. నీళ్లు లేనిచోట అవి పెరగలేవు. సున్నుండలో నీటి చుక్క వేయం. పప్పు వేయిస్తాం, పొడి చేస్తాం, బెల్లం, నెయ్యి. అందుకే రెండు వారాలు దాటినా బాగుంటుంది. నువ్వుల ముద్ద కూడా అంతే, వేయించిన నువ్వులు, బెల్లం కలిపి రోట్లో దంచడమే. నువ్వుల్లో కాల్షియం కూడా ఎక్కువ. పల్లీపట్టి ముదురు పాకంతో చేస్తాం, నీళ్లన్నీ ఎగిరిపోతాయి, అదీ నిలవుంటుంది. మరి మలీద? బతుకమ్మ నాడు చేసే మలీద ముద్దలు, పీర్ల పండుగకూ చేస్తారు కదా, ఆ మలీదలో రొట్టె ఉంది. రొట్టెలో తడి ఉంది. కాబట్టి చేసిన రోజు, మహా అయితే మర్నాడు. ఒక్కరోజు నడకకు మలీదను మించింది లేదు. మూడు రోజుల నడకకు వద్దు. పచ్చికొబ్బరి లౌజు, కోవా, బొబ్బట్లు, వీటిని ఎండలో సంచిలో పెట్టుకుని తిరగకండి. కడుపు చెడితే అడవిలో ఏం చేస్తారు? పూతరేకులు పొడిగానే ఉంటాయి కానీ సంచిలో నలిగి పొడి అయిపోతాయి. ఆత్రేయపురం అమ్మలు అంత కష్టపడి ఒక్కొక్క రేకూ తీస్తే మనం పొడి చేసి తినడం నాకు మనసొప్పదు. అవి ఇంట్లో కూర్చుని తినండి.

ఇప్పుడు అర్థమైందా, మీ చేత్తో చేసుకోండని ఎందుకంటున్నానో? చేసినవాళ్లకే తెలుస్తుంది అందులో తడి ఉందా లేదా, ఎన్నాళ్లుంటుంది, ఎంత తింటే ఎంతసేపు ఆగుతుంది. నడిచేవాళ్లకు తమ సంచిలో ఏముందో తెలియాలి. టార్చ్‌లో బ్యాటరీ ఉందో లేదో చూసుకోకుండా చీకట్లోకి వెళ్తామా?

నల్లమలలో అహోబిలం వెళ్లాం, మా క్లాసువాళ్లం కొందరం, ఒక మేడమ్. నవ నారసింహ క్షేత్రం, తొమ్మిది గుళ్లు, కొన్నిటికి రోడ్డు ఉంది, కొన్నిటికి కాలిదారే. ఎగువ అహోబిలం నుంచి భవనాశి వాగు వెంట జ్వాలా నరసింహుడి దగ్గరకు నడిచి వెళ్లాలి. రాళ్లు, మెట్లు, మళ్లీ రాళ్లు. ఇంకా పైకి వెళ్తే ఉగ్రస్తంభం, అక్కడ నిజంగానే కొండెక్కాలి. ఆ దారిలో మాతోపాటు నడిచినవాళ్లలో చాలామంది మా అమ్మమ్మ వయసువాళ్లు. చెప్పుల్లేకుండా, చీర కుచ్చిళ్లు దోపుకుని ఎక్కుతున్నారు. మేం బూట్లు వేసుకుని ఆయాసపడుతున్నాం! ఒక పెద్దావిడ రాయి మీద కూర్చుని ఊపిరి తీసుకుంటుంటే డబ్బా తెరిచి సున్నుండ ఇచ్చాం. కొంచెం తుంచి నోట్లో వేసుకుని, "ఎవరు చేశారు?" అని అడిగారు. మేమే చేశామంటే నమ్మలేదు. తర్వాత దారంతా మాతోనే నడిచారు. ఏ మలుపులో రాయి కదులుతుంది, ఎక్కడ నీళ్లు తాగొచ్చు, ఎక్కడ కూర్చోకూడదు, అన్నీ చెప్పారు. ఆమె ఎన్నో ఏళ్లుగా వస్తున్నారట. ఏ మ్యాప్‌లోనూ దొరకని సంగతులవి. బిస్కెట్ ప్యాకెట్ ఇచ్చి ఉంటే ఈ మాటలు వచ్చేవా? నాకైతే అనుమానమే.

అక్కడే ఒక జాగ్రత్త. కోతులున్న చోట డబ్బా తెరవకండి, కవరు చప్పుడు కూడా చేయకండి. స్టీలు డబ్బా, గట్టి మూత, సంచి లోపల. కోతికి విసరడం అసలే వద్దు. అలవాటు పడితే తర్వాత వచ్చే పిల్లల చేతుల్లోంచి లాక్కుంటుంది. అడవిలో రాత్రి ఉండాల్సి వస్తే తీపి వాసన వచ్చేవేవీ టెంట్ బయట వదలొద్దు. ఎలుగుబంట్లకు తీపంటే ఎంత ఇష్టమో ఇప్పచెట్ల కింద చూస్తే తెలుస్తుంది.

ఇప్పచెట్టు అన్నాను కదా, ఒక నిమిషం పక్కకెళ్తాను, ఇది చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. ఆదిలాబాద్ వైపు ఎండాకాలం మొదట్లో తెల్లవారుజామున ఇప్పపూలు రాలుతాయి. ఆదివాసీ కుటుంబాలు వెలుతురు రాకముందే వెళ్లి ఏరుకుంటాయి. ఎండబెడితే ఎండుద్రాక్షలా అవుతుంది పువ్వు. దాన్ని వేయించి, బెల్లం, పల్లీలు, నువ్వులు కలిపి ఉట్నూరు ప్రాంతంలో మహిళలు లడ్డూలు చేస్తున్నారు. మనం చాలామందిమి ఇప్పపువ్వంటే సారాయి ఒక్కటే అనుకుంటాం. ఆ లడ్డూ తిని చూడండి. అంత తీపి చెట్టు మీదే తయారై ఉంటుంది, మనం కలిపేది కొంచెమే. నాకు తెలిసిన తీపి పదార్థాల్లో నేను అన్నిటికంటే ఎక్కువ గౌరవించేది దాన్నే.

అటు వెళ్తే కుంతల జలపాతం చూడకుండా రారు కదా. నేరడిగొండ దగ్గర, కడెం నది మీద. వానల తర్వాత చూడాలి. కానీ ఒకటి గట్టిగా చెప్తున్నాను, వెనక వరస తమ్ముళ్లూ, ముఖ్యంగా మీకు. జలపాతం కింద గుంట లోతు పైకి తెలియదు. రాయి మీద నాచు ఉంటుంది. ఈతొచ్చినా సుడి లాగేస్తుంది. ఫొటో కోసం అంచు దాకా వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లల వార్తలు ప్రతి వానాకాలం చదువుతున్నాం. కంచె దాటొద్దు. దాటడాన్ని సాహసం అనకండి. తాడు కట్టుకుని, నేర్పేవాళ్లు పక్కనుండగా రాతి అంచు నుంచి వాలడం సాహసం. తాడు లేకుండా నాచు మీద నిలబడడం సాహసం కాదు.

తేనెటీగల గురించి కూడా. మన గుట్టల మీద, కోట గోడల కింద పెద్ద తేనెపట్లు ఉంటాయి. సెంటు పూసుకుని వెళ్లకండి. పొగ పెట్టకండి, రాళ్లు వేయకండి, కేకలు వేయకండి. అవి లేచాయా, ముఖం కప్పుకుని దూరంగా పరుగెత్తడమే, ఆగి చేతులు ఊపొద్దు. పాము కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా తాడు కట్టడం, ఏవీ వద్దు. కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి, యాంటీ వెనమ్ ఉన్న ఆసుపత్రికి చేర్చడమే.

ఇప్పుడు చలి దేశానికి వెళ్దాం. మా బ్యాచ్ చలికాలం సెలవుల్లో కేదార్‌కంఠ ట్రెక్‌కి వెళ్లింది. ఉత్తరాఖండ్‌లో ఉత్తరకాశీ జిల్లా. డెహ్రాడూన్ నుంచి రోజంతా కొండల రోడ్డులో వెళ్తే సాంక్రి అనే ఊరు. అక్కడి నుంచి నడక. శిఖరం ఎత్తు సుమారు 3,800 మీటర్లు, పన్నెండు వేల ఐదు వందల అడుగులు. నేను మంచును మొదటిసారి చూసింది అక్కడే. చూడడం కాదు, అందులో మోకాలి దాకా దిగాను. మన ఎండల్లో పుట్టి పెరిగిన మనిషికి అది ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేను, మీరే వెళ్లాలి.

అక్కడ మన స్వీట్లు ఏమయ్యాయి? రాయి అయిపోయాయి! నెయ్యి గడ్డకట్టింది, సున్నుండ పంటికి లొంగలేదు. మా గైడ్ అన్న, ఆ ఊరి అబ్బాయే, ఒక చిట్కా చెప్పాడు. తినబోయే ముక్కను అరగంట ముందే జాకెట్ లోపలి జేబులో, ఒంటికి దగ్గరగా పెట్టుకో అన్నాడు. ఒంటి వేడికి మెత్తబడుతుంది. ఫోను బ్యాటరీ కూడా అక్కడే పెట్టుకోవాలట, చలికి తొందరగా దిగిపోకుండా. నీళ్ల సీసాను తలకిందులుగా పెట్టుకోవాలి. నీళ్లు పై నుంచి గడ్డకడతాయి కాబట్టి మూత దగ్గర గడ్డకట్టకుండా ఉంటుంది. చిన్న చిన్న సంగతులే, కానీ తెల్లవారుజామున చీకట్లో శిఖరం వైపు నడుస్తున్నప్పుడు ఇవే ముఖ్యం.

ఇంకోటి. ఎత్తుకు వెళ్లేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది. భోజనం చూస్తేనే వద్దనిపిస్తుంది. నెయ్యి ఎక్కువున్నవి సహించవు. తీపి మాత్రం కొంచెం లోపలికి వెళ్తుంది. అందుకని ఎత్తైన చోటికి వెళ్లేవాళ్లు నెయ్యి తగ్గించి, బెల్లం, పల్లీలు, నువ్వులు ఎక్కువ పెట్టుకోండి. తలనొప్పి, వాంతి, తూలడం, ఇవి కనిపిస్తే తీపి తిని సర్దుకుందాం అనుకోకండి. వెంటనే చెప్పాలి, ఎక్కడం ఆపాలి, తగ్గకపోతే కిందికి దిగాలి. శిఖరం ఎక్కడికీ పోదు.

ఇక్కడ పాకం సంగతి చెప్పాలి, నాకు అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇది. ఎత్తుకు వెళ్తే గాలి ఒత్తిడి తగ్గుతుంది. ఒత్తిడి తగ్గితే నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. మూడు వందల మీటర్లు ఎక్కితే ఒక డిగ్రీ తగ్గుతుందని లెక్క. మన లంబసింగి వెయ్యి మీటర్ల ఎత్తు. అక్కడ నీళ్లు తొంభై ఆరు, తొంభై ఏడు డిగ్రీలకే మరుగుతాయి. సాంక్రిలో తొంభై నాలుగు దగ్గర. మరి ఉండపాకం? ల్యాబ్‌లో మాకు నేర్పింది, సముద్రమట్టం దగ్గర నూట పదిహేను డిగ్రీలు అటూ ఇటూ. థర్మామీటర్ చూసుకుంటూ కొండ మీద ఆ నూట పదిహేనుకు వెళ్తే ఏమవుతుంది? పాకం ముదిరిపోతుంది. కొండ మీద ఆ పాకం అంతకంటే తక్కువ వేడికే వస్తుంది.

మరి అమ్మమ్మ ఏం చేస్తుంది? పళ్లెంలో చన్నీళ్లు పోసి, ఒక చుక్క పాకం వేసి, వేళ్లతో కూడదీసి చూస్తుంది. ఉండ అయిందా, దించేస్తుంది. ఆ పరీక్ష భీమవరంలోనూ సరిగ్గా పనిచేస్తుంది, లంబసింగిలోనూ పనిచేస్తుంది, సాంక్రిలోనూ పనిచేస్తుంది. ఎందుకంటే ఆమె వేడిని కొలవడం లేదు. పాకంలో ఇంకా ఎన్ని నీళ్లున్నాయో చూస్తోంది. అసలు మనకు కావాల్సిందీ అదే కదా! సాంక్రిలో మేం దిగిన ఇంటి పొయ్యి మీద, వాళ్లను అడిగి, పల్లీలు బెల్లం పెట్టి ఈ పరీక్ష చేశాను. నా దగ్గర థర్మామీటర్ కూడా ఉంది. రెండూ పక్కపక్కన చూసిన ఆ సాయంత్రం నేను మర్చిపోలేను. క్లాసులో చదివిన ఒత్తిడి, మరుగు స్థానం అన్నీ కళ్ల ముందు కనిపించాయి. కెమిస్ట్రీ చెల్లెళ్లూ, మీకు ఇంతకంటే మంచి ప్రాక్టికల్ ఎక్కడ దొరుకుతుంది?

ఆ ఇంట్లోనే ఇంకో వింత. ఇంటి ఆమె మా పాకం చూసి నవ్వి, లోపలి నుంచి ఒక డబ్బా తెచ్చారు. అర్సా అన్నారు. చూస్తే మన అరిసె! బియ్యం నానబెట్టి, తడి ఆరకముందే దంచి, బెల్లం పాకంలో కలిపి, నూనెలో వేయించడం. పద్ధతి మొత్తం మనదే. వాళ్లు ఆవనూనె వాడతారు, ఆ వాసన ఒక్కటే తేడా. గఢ్వాల్‌లో, అంటే ఉత్తరాఖండ్‌లోని ఆ కొండ ప్రాంతంలో, పెళ్లిళ్లకు, ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు బుట్టనిండా అర్సాలు పెడతారట. మన దగ్గర సారె పెట్టేటప్పుడు అరిసెలు పెట్టమూ? బదరీనాథ్‌లో రావల్ అనే ప్రధాన అర్చకులు కేరళ నంబూద్రీలు, కేదార్‌నాథ్ రావల్ కర్ణాటక వీరశైవులు. దక్షిణాది నుంచి వెళ్లినవాళ్ల వెంట ఈ వంట కూడా వచ్చిందని అక్కడ చెప్పుకుంటారు. వాళ్లు ఝంగోరా ఖీర్ కూడా పెట్టారు. ఝంగోరా అంటే మన ఊదలే. ఊదల పాయసం! రెండు వేల కిలోమీటర్లు వెళ్లి మన ఇంటి తిండే తిన్నాం. హిందీ సరిగా రాని మా ఫ్రెండ్ ఆమెతో గంటసేపు కబుర్లు చెప్పింది, అరిసెలు వత్తే చెక్కల గురించి, చేతులతో.

ఇప్పుడు అసలు కష్టమైన విషయం. ఇంట్లో ఒప్పుకోవడం. ఆడపిల్లలు నవ్వుతున్నారు, అంటే ఎక్కడ నొప్పో అక్కడే తగిలింది. మా అమ్మ మొదట్లో వద్దనేది. నేను వాదించేదాన్ని, ఆమె వంటగదిలోకి వెళ్లిపోయేది. తర్వాత ఒక మార్పు గమనించాను. మినుములు వేయిస్తూ ఇద్దరం పొయ్యి దగ్గర కూర్చున్నప్పుడు అమ్మ వద్దనదు, అడుగుతుంది. ఎక్కడ పడుకుంటారు? మీతో వచ్చే మేడమ్ నంబరు ఇవ్వు. బాత్రూములు ఉంటాయా? రాత్రి ఫోను కలుస్తుందా? ఎవరెవరు వస్తున్నారు? అన్నీ న్యాయమైన ప్రశ్నలే! మినప్పప్పు సన్న మంట మీద వేగడానికి చాలాసేపు పడుతుంది. అంతసేపూ మాట్లాడుకున్నాం. ఆమె భయం ఏమిటో అప్పుడు నాకు అర్థమైంది, నా ఏర్పాట్లు ఆమెకు అర్థమయ్యాయి. ఇప్పుడు నేను వెళ్తానంటే ముందు మినుములు ఉన్నాయా లేవా చూస్తుంది. అమ్మలకు చెప్పకుండా వెళ్లకండి. అబద్ధం చెప్పి అసలు వెళ్లకండి. కూర్చుని చెప్పండి.

తమ్ముళ్లూ, మీకు పర్మిషన్ సులువుగా దొరుకుతుంది, నాకు తెలుసు. మరి మినుములు వేయించడం ఆడపిల్లల పని అని మీకు ఎవరు చెప్పారు? కేదార్‌కంఠలో మంచు మీద టెంట్ వేసి మాకు వేడి వేడిగా వండి పెట్టినవాళ్లంతా మగవాళ్లే. మీరు వండడం నేర్చుకుంటే మీ గుంపులో ఆడపిల్లలు పొయ్యి దగ్గర చిక్కుకుపోకుండా మీతోపాటు సూర్యోదయం చూస్తారు.

ఒక చెల్లెలు చీటీ పంపింది. నెలసరి సమయంలో ట్రెక్‌కి వెళ్లొచ్చా అని. మంచి ప్రశ్న, అందరి ముందే చెప్తాను. వెళ్లొచ్చు. ఒళ్లు సహకరిస్తే నడవొచ్చు, నొప్పి ఎక్కువుంటే ఆగొచ్చు, అది మీ ఇష్టం. ప్యాడ్లు ఎక్కువ పెట్టుకోండి, వాడినవి అడవిలో పారేయకుండా జిప్ కవర్లో పెట్టి వెనక్కి తెచ్చుకోండి. టీమ్ లీడర్‌కి చెప్పడానికి సిగ్గుపడకండి. నువ్వుల ముద్దలు తినొద్దని కొందరు పెద్దవాళ్లు చెప్తారు. నేను తింటాను, నాకేమీ కాలేదు.

ఎండాకాలం నడకకు ఇంకోటి, పానకం. మంగళగిరి పానకాల స్వామి గుర్తొచ్చాడు కదా! బెల్లం, మిరియాలు, యాలకులు, నీళ్లు. నేను చిటికెడు ఉప్పు కూడా వేస్తాను, చెమటలో పోయింది కొంత తిరిగి వస్తుంది. ఒక మాట, విరేచనాలైతే మాత్రం పానకం కాదు, ఓఆర్ఎస్ ప్యాకెట్టే తాగాలి. కొలత ముఖ్యం.

సరే, మేడమ్ వాచీ చూస్తున్నారు. వచ్చే ఆదివారం ఎన్ఎస్ఎస్ తరఫున భువనగిరి వెళ్తున్నాం కదా, దానికి సంబంధించిన పని చెప్పి ముగిస్తాను. శనివారం మధ్యాహ్నం మెస్ వంటగది మనకిస్తామని వార్డెన్ గారు ఒప్పుకున్నారు. వచ్చేవాళ్లందరూ రావాలి, అబ్బాయిలు కూడా. పొట్టు మినప్పప్పు తెస్తాం, పొట్టుతో అయితే రుచి వేరు. ఒక గ్లాసు పప్పుకు ముప్పావు గ్లాసు తురిమిన బెల్లం. సన్న మంట మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించాలి, పెద్ద మంట పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. పూర్తిగా చల్లారాక కొంచెం బరకగా పొడి చేయాలి, వేడి మీద చేస్తే తడి పడుతుంది. బెల్లం కలిపి, గోరువెచ్చటి నెయ్యి కొంచెం కొంచెంగా పోస్తూ, పిడికిట్లో ఉండ నిలిచేదాకా. అంతే. మినుములు పడనివాళ్లు, పల్లీలు పడనివాళ్లు ఉంటే ముందే చెప్పండి, వాళ్లకు నువ్వులతో చేద్దాం. షుగర్ ఉన్నవాళ్లు మీ డాక్టరును అడిగి రండి.

ఆదివారం అందరూ పట్టు ఉన్న బూట్లు వేసుకోవాలి, చెప్పులు వద్దు. రెండు లీటర్ల నీళ్లు, టోపీ, స్టీలు డబ్బా. చున్నీలు వదులుగా వేలాడకూడదు, జడ లోపలికి దోపుకోవాలి, ఉంగరాలు తీసేయాలి, తాడులో చిక్కుకుంటాయి. ఇంట్లో సంతకం పెట్టించిన కాగితం శుక్రవారంలోగా మేడమ్‌కి ఇవ్వండి. ఉబ్బసం, ఫిట్స్, గుండె సమస్య ఏదైనా ఉంటే ఆ కాగితంలోనే రాయండి, దాచొద్దు. పేర్లు ఇప్పుడే ఇవ్వొచ్చు, నేను ఇక్కడే ఉంటాను.